వెళ్ళొచ్చే అమ్మాయి

యూనివర్సిటీ వెనక వీధి, పై అంతస్తు గది
ఆకులు రాలడం మొదలైన వారం

అత్తయ్యగారికి నమస్కారం.

చేరాను, బాగున్నాను, తింటున్నాను. ఈ మూడూ ఫోన్లో మీ అబ్బాయికి చెప్పేశాను. మిగతావి ఫోన్లో చెప్పలేకపోతున్నానత్తయ్యా. ఆయన స్పీకరు పెడతారు, పక్కింటావిడ కూడా వచ్చి వింటుంది, మీరేమో డ్యూటీలో ఉంటారు. అందుకే ఉత్తరం. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డిపోలో బెంచీ మీద కాళ్ళు చాపుకుని మీరు చదువుతారని ఊహించుకుంటూ రాస్తున్నాను.

నా గదిలో ఒక మంచం, బల్ల, కిటికీ ఉన్నాయి. కిటికీ కింద ఒక చెట్టు ఉంది. వచ్చిన వారానికే దాని ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంటే చీడ పట్టిందేమోనని కంగారుపడి కిందున్న ఇంటావిడకి చెప్పాను. ఆవిడ చెట్టునీ నన్నూ మార్చి మార్చి చూసి, "ప్రతి ఏడూ ఇంతే" అని తలుపేసుకుంది. చెట్టు సంగతి చెట్టుకి తెలుసు, నాకే తెలీదు.

ఇంకో సంగతి చెప్తే మీరు టికెట్ల మిషను పక్కన పెట్టి నవ్వుతారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నేను గుమ్మం దాటుతూ "వెళ్తున్నాను" అంటే మీరు చేతిలో గరిటెతోనే వెనక్కి పిలిచారు గుర్తుందా, "వెళ్తున్నాను ఏమిటి, వెళ్ళొస్తాను అను" అని. ఆ అలవాటే ఇక్కడ నా కొంప ముంచింది. ఇక్కడి భాష నేర్చుకునే వచ్చాను కదా. మన మాట మనసులో అనుకుని దాన్నే ఇటు తిప్పి చెప్తుంటాను. అలా కనిపించిన వాళ్ళందరితోనూ "వెళ్ళి మళ్ళీ వస్తాను" అని చెప్పి వచ్చేశాను.

ఆఫీసు గుమాస్తా నా కాగితాలు బల్ల మీదే పరుచుకుని, తాళాలు చేత్తో పట్టుకుని, ఆఫీసు కట్టేసే వేళ దాటినా నాకోసం కూర్చున్నాడట. ల్యాబులో తారు కరిగించే ఆయన ఉన్నాడు, మేస్త్రీ అని పిలుచుకుంటున్నాను నాలో నేను. ఆయన నేనొస్తానని పొయ్యి ఆపకుండా కాపలా కాశాడట. ఇంటావిడ వీధి తలుపు గడియ పెట్టలేదట. నేనేమో గదిలో దుప్పటి ముసుగేసుకుని హాయిగా పడుకున్నాను. మర్నాడు మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని "నిన్న వస్తానన్నావు, రాలేదేం" అని అడిగితే గానీ నాకు వెలగలేదు. ఇప్పుడు ల్యాబులో నా పేరు "వెళ్ళొచ్చే అమ్మాయి".

పని బాగుంది. అరిగిపోయిన టైర్లని పొడి చేసి తారులో కలిపి రోడ్డు వేస్తే, చలికి పగలకుండా నిలుస్తుందా లేదా అన్నది నా చదువు. మా ప్రొఫెసరు పెద్దాయన. ఎవరు ఏం చెప్పబోయినా మధ్యలో ఆపి ప్రశ్న వేస్తాడు, అందుకని ఆయనకి స్పీడ్ బ్రేకర్ అని పేరు పెట్టాను. చలికాలం మధ్యలో ఆయనా ఇంకొందరూ కూర్చుని నన్ను పరీక్షిస్తారు. ఇక్కడి భాషలోనే మాట్లాడాలి. నెగ్గితే మిగతా మూడేళ్ళూ ఉండి డాక్టరేటు చేస్తాను. లేకపోతే ఒక చిన్న పట్టా చేతిలో పెట్టి ఇంటికి పంపించేస్తారు. భయంగానే ఉంది.

ఒక్క మాట అడగనా. విమానానికి బయల్దేరేటప్పుడు నేను "వెళ్ళొస్తానత్తయ్యా" అంటే మీరేమీ అనలేదు. పెట్టె తాడు వదులుగా ఉందని మీ అబ్బాయిని తిట్టడం మొదలుపెట్టారు. నామీద కోపం లేదు కదా?

ఉంటాను,
మీ కోడలు

*

బస్ డిపో, ఆడవాళ్ళ విశ్రాంతి గది
వానలు వెనకపట్టాయి

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. చదువుతూ నవ్వుతుంటే మా డ్రైవరు "ఏంటక్కా, ఒక్కదానివే" అన్నాడు. అతనికీ చదివి వినిపించాను. కోప్పడకు, నీ పెళ్ళిలో కుర్చీలు మోసినవాడు, బయటివాడేం కాదు. "పాపం ఆ గుమాస్తా" అని రెండు ట్రిప్పులు అదే మాట అన్నాడు.

ఇక్కడ సంగతి విను. నీ మొగుడు వంట నేర్చుకుంటున్నాడు. అంటే గిన్నెలు మాడ్చడం నేర్చుకున్నాడు, తోమడం ఇంకా రాలేదు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లంతా పొగ. "అమ్మా, ఈసారి కుదిరింది" అంటాడు. కుదిరిందని వాడన్నాక కాదనడానికి నేనెవర్ని, మంచినీళ్ళతో మింగుతున్నాను.

మా తోడికోడలు వచ్చింది మొన్న. "పిల్లా పాపా కనాల్సిన వయసులో తారు పిసకడానికి అంత దూరం పంపావేమిటి" అంది. "మీ ఇంటి ముందు గుంటలో పడే కదా మీ ఆయన పళ్ళు రాలగొట్టుకున్నాడు, ఆ గుంట పూడ్చడానికే పంపాను" అన్నాను. కాఫీ సగంలో వదిలేసి లేచింది. అరగంట సంతోషంగా తిరిగాను ఇంట్లో.

మా రూట్లో పెద్ద గుంట ఉంది కదా. బండి అక్కడ ఎగిరినప్పుడల్లా జనం తల పట్టుకుని తిడతారు. ఇప్పుడు నేను "కాస్త ఓపిక పట్టండి, మా కోడలు దీనికే మందు కనిపెడుతోంది" అని చెప్తున్నాను. రోజూ ఎక్కేవాళ్ళు "రోడ్ల డాక్టరమ్మ ఎలా ఉంది" అని అడుగుతున్నారు. ఇంతకాలం నన్నెవరూ చిల్లర తప్ప ఇంకేమీ అడిగిన పాపాన పోలేదు. నువ్వు పరీక్ష అని భయపడుతున్నావు. నా కోడలివి నువ్వు. కిక్కిరిసిన బండిలో వెనకనుంచి ముందుకి దారి చేసుకుని రావడం మన ఇంటి విద్య. నీకు రాకేం.

ఆ మాట మాత్రం మానకు. మనం వెళ్ళేది తిరిగి రావడానికే, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది. వాళ్ళకి అర్థం కాకపోతే జవాబు నేర్పు. "వెళ్ళొస్తాను" అన్నవాళ్ళని "వెళ్ళిరా" అనాలి. అది అనేవాళ్ళు లేకపోతే ఆ మాట గుమ్మంలోనే వేలాడుతుంది.

పెట్టె తాడు సంగతా? నిజంగానే వదులుగా కట్టాడు వెధవ. అంతే.

మీ అత్త

*

పై అంతస్తు గది
మంచు పడింది

అత్తయ్యగారికి,

పొద్దున లేచేసరికి వీధి లేదు. గోడలూ మెట్లూ సైకిళ్ళూ అన్నీ ఒకే తెలుపు. చప్పుడు కూడా లేదు. ఇంటావిడ తన పాత బూట్లు తెచ్చి నా గుమ్మం ముందు పెట్టి వెళ్ళింది. నాకు రెండు వేళ్ళు పెద్దవి, మూడు జతల మేజోళ్ళు తొడిగితే సరిపోయాయి. ఇప్పుడు నడుస్తుంటే బాతులా ఉంటాను. ఆయనకి ఫోటో పంపాను, మీకు చూపించారో లేదో.

మంచుకి ముందే పెద్ద పని ఒకటి చేశానత్తయ్యా. క్యాంటీను వెనక సందులో సరుకుల వ్యాన్లు తిరిగే దారి ఉంది. అక్కడ రెండు గుంటలు పక్కపక్కన ఉంటే, పర్మిషన్ తీసుకుని, ఒకటి మామూలు తారుతో, ఇంకోటి నా టైర్ల పొడి కలిపిన తారుతో పూడ్చాం. మేస్త్రీ రోలరు తోశాడు, నేను పారతో కంకర సర్దాను. చుట్టూ పసుపు రంగు గీత గీశాను. ముఖం మీద తారు మరకలతో ఆఫీసుకి వెళ్తే గుమాస్తా నన్ను గుర్తుపట్టలేదు. ఇప్పుడు ఆ రెండూ మంచు కింద ఉన్నాయి. నీళ్ళు పగుళ్ళలోకి దిగి, గడ్డకట్టి, ఉబ్బి, లోపలినుంచి రోడ్డుని చీలుస్తాయి. నాది నిలిచిందో లేదో మంచు కరిగేదాకా ఎవరికీ తెలీదు.

పరీక్ష మాత్రం అంతవరకూ ఆగదు, వచ్చే నెలలోనే. చెప్పాల్సిందంతా రాసుకుని బట్టీ పట్టాను. అద్దం ముందు నించుని ఒక్క తప్పు లేకుండా గడగడా చెప్పేస్తున్నాను. కింద మెట్ల మీద ఇంటావిడ ఆగి వింటున్నట్టుంది, నేను ముగించగానే అడుగుల చప్పుడు మొదలవుతుంది.

మీ "వెళ్ళిరా" మేస్త్రీకి నేర్పాను. ఆయన నోట్లో "వెల్లీరా" అయింది. ఆ ఒక్కడి దగ్గర తప్ప మిగతా అందరి దగ్గరా "వెళ్ళొస్తాను" మానేశానత్తయ్యా, తిట్టకండి. మాటిమాటికీ అందరినీ కూర్చోబెట్టడం బాగోలేదు. ఇక్కడివాళ్ళు అనే చిన్న మాట ఒకటుంది, అదే అనేసి వచ్చేస్తున్నాను.

పరీక్ష సంగతి అయ్యేదాకా బస్సులో ఎవరికీ చెప్పకండి, ప్లీజ్.

ఉంటాను,
మీ కోడలు

*

బస్ డిపో
చలి, డ్యూటీకి స్వెట్టరు వేసుకుంటున్నాను

డాక్టరమ్మా,

పరీక్ష సంగతి అడిగితే నువ్వు ఫోన్లో నీ మొగుడితో "అయిపోయింది" అన్నావట. వాడు వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. నాకు చెప్పి ఏడ్చాడు. నేనేడవలేదు, కళ్ళు తుడుచుకున్నాను అంతే.

చెప్పొద్దన్నావు కాబట్టి అప్పటిదాకా నోరు కట్టుకునే ఉన్నాను. అయిపోయాక ఇంక ఏం అడ్డం. మర్నాడు మొదటి ట్రిప్పులో అందరికీ మిఠాయి పంచాను. టికెట్టు లేనివాడికి కూడా ముందు మిఠాయి పెట్టి తర్వాత టికెట్టు కొట్టాను. డిపో మేనేజరు చేత నోటీసు బోర్డు మీద రాయించాను, మన కండక్టరమ్మ కోడలు విదేశంలో పెద్ద పరీక్ష నెగ్గింది అని. మా డ్రైవరు బోర్డు ముందు నించుని, వచ్చేపోయేవాళ్ళకి చదివి వినిపిస్తున్నాడు. అందరికీ చదువొచ్చు, అయినా వినిపిస్తాడు.

తోడికోడలికి నేనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. నోట్లో పెట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ ఇంట్లో అంత ప్రశాంతంగా నేనెప్పుడూ కూర్చోలేదు.

వివరంగా రాయి. ఏమడిగారు, నువ్వేమన్నావు, ఆ స్పీడ్ బ్రేకర్ మొహం ఎలా పెట్టాడు, అన్నీ కావాలి. డిపోలో చదివి వినిపించాలి.

మీ అత్త

*

పై అంతస్తు గది

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ మంచు ఇంకా పడుతూనే ఉంది. మధ్యాహ్నానికే చీకటి పడిపోతోంది. వీధిలో ఉప్పు చల్లుతున్నారు, బూట్ల మీద తెల్లగా చారలు కడుతోంది. ఇంటావిడ కులాసా. మేస్త్రీ కులాసా. మీ అబ్బాయిని చన్నీళ్ళలో గిన్నెలు తోమొద్దని చెప్పండి, చేతులు పగులుతాయి.

వివరంగా మళ్ళీ రాస్తాను. ల్యాబుకి టైమైంది. వెళ్తున్నాను.

కోడలు

*

బస్ డిపో

అమ్మాయ్,

నీ ఉత్తరం డిపోలో చదివి వినిపించలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

"వెళ్తున్నాను" అని రాశావు. నీ చేత ఆ మాట ఆ రోజు మాన్పించాక ఇన్నేళ్ళలో నా దగ్గర మళ్ళీ ఎప్పుడూ అనలేదు. నాతో గొడవపడి పుట్టింటికి పోయినప్పుడు కూడా, మొహం అటు తిప్పుకునైనా సరే, "వెళ్ళొస్తాను" అనే వెళ్ళావు. రోజంతా జనం మొహాలు చూసి ఎవడు టికెట్టు తీసుకోలేదో కనిపెట్టేదాన్ని, నీ ఉత్తరం చూసి నాకు తెలీదనుకున్నావా.

ఏం జరిగింది? దాచకుండా రాయి. నీ మొగుడికి చెప్పను.

మీ అత్త

*

పై అంతస్తు గది
మంచు గట్టిపడింది, పడటం ఆగింది

అత్తయ్యా,

తప్పాను.

ఫోన్లో "అయిపోయింది" అన్నది అందుకే. పరీక్ష నెగ్గానని కాదు, ఇక్కడ నా పని అయిపోయిందని. ఆయన అటునుంచి "అమ్మా" అని కేకేసి ఫోను వదిలేసి పరిగెత్తారు. తర్వాత చెబుదామనుకున్నాను. ఇంతలో మీ ఉత్తరం వచ్చింది, మిఠాయిలనీ, నోటీసు బోర్డనీ. ఇంక నోరు రాలేదు.

గదిలో పొడుగు బల్ల, అటు నలుగురు, ఇటు నేను. అద్దం ముందు చెప్పినట్టే మొదలుపెట్టాను. మూడు వాక్యాలు కాగానే స్పీడ్ బ్రేకర్ చెయ్యెత్తి, "ఆ పొడి కలపకపోతే ఏమవుతుంది" అని అడిగాడు. ఎంత చిన్న ప్రశ్నో చూడండి. మీ డ్రైవరైనా చెప్పేవాడు. నాకు మాత్రం బట్టీ పట్టిన తాడు తెగిపోయింది. మళ్ళీ దొరకాలంటే మొదటినుంచి అందుకోవాలి. అందుకని మళ్ళీ "పెద్దలందరికీ నమస్కారం" అని మొదలుపెట్టాను. ఆయన మళ్ళీ ఆపాడు. నేను మళ్ళీ పెద్దలందరికీ నమస్కారం పెట్టాను. మూడోసారి పెట్టేసరికి ఒకావిడ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. నాకోసం సిగ్గుపడుతోంది ఆవిడ.

చివరికి ఆయన మెల్లగానే చెప్పాడు. "నీ పని మంచిదే కావచ్చు, మాకు వినపడలేదు. చిన్న పట్టా తీసుకుని ఎండాకాలం ముందే ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. నేను లేచి బ్యాగు తీసుకున్నాను. ఇక్కడివాళ్ళ చిన్న మాట నేర్చుకున్నాను కదా, ఆ సమయానికి అదీ గుర్తురాలేదు. తలుపు దగ్గర తిరిగి, అలవాటు కొద్దీ, "వెళ్ళి మళ్ళీ వస్తాను" అనేశాను. నలుగురూ ఒక్కసారి తలెత్తి నావైపు చూశారు. ఏం తప్పు మాట్లాడానో అని పరిగెత్తినట్టే వచ్చేశాను.

నిన్న స్పీడ్ బ్రేకర్ పిలిపించాడు. మిగతావాళ్ళు అక్కడితో నా ఫైలు మూసేద్దామన్నారట. ఈయన, "పొమ్మన్నాక కూడా మన మొహాల మీద మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది. ఇంత ధైర్యం నేనీ గదిలో చూడలేదు. రానిద్దాం" అన్నాడట. మంచు కరిగాక ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదే ఆఖరిది.

ధైర్యం కాదత్తయ్యా. అలవాటు. పక్క కొట్టుకి వెళ్తున్నా మనం అదే అంటాం కదా. ఆయనకి చెప్పలేకపోయాను. చేయని ధైర్యానికి బహుమతి తీసుకున్నట్టుంది.

మీ పరువు తీశాను. బోర్డు మీద రాసింది చెరిపించండి. ఏం చెప్తే బాగుంటుందో అదే చెప్పండి, జబ్బు చేసిందనండి, ఏదో ఒకటి.

కోడలు

*

బస్ డిపో
ఎండ ముదురుతోంది

అమ్మాయ్,

చెరిపించలేదు. కింద ఇంకో వరస రాయించాను.

నీ ఉత్తరం చదివి ఒక ట్రిప్పంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఒట్టు, కోపంతోనే. నీమీద కాదు, నామీద. "అయిపోయింది" అన్న ఒక్క మాట పట్టుకుని మిఠాయికి పరిగెత్తాను, ఏమయిందే తల్లీ అని అడగలేదు. జబ్బు చేసిందని చెప్పాలా? నా కోడలికి జబ్బేమిటి, గుండ్రాయిలా ఉంటే.

మర్నాడు మొదటి ట్రిప్పు, అదే జనం. బండి కదలకముందే ముందుకెళ్ళి, అందరికీ వినపడేలా చెప్పాను. "మా కోడలు పరీక్ష నెగ్గలేదు. నాకు తప్పుగా అర్థమయింది. మళ్ళీ వస్తానని వాళ్ళ మొహం మీదే చెప్పి వచ్చింది. మళ్ళీ రాస్తుంది. మిఠాయి వెనక్కి ఇవ్వక్కర్లేదు." రోజూ గంపతో ఎక్కే కూరగాయలామె, "మళ్ళీ ఎప్పుడట" అని అడిగింది. మంచు కరిగాక అన్నాను. "మంచంటే ఎప్పుడు కరుగుతుంది" అంది. నాకేం తెలుసు, నువ్వు రాయి. అప్పట్నించీ ఎక్కినవాళ్ళందరూ టికెట్టు తీసుకుంటూ "కరిగిందా" అని అడుగుతున్నారు. కొత్తగా ఎక్కినవాళ్ళు మాకు పిచ్చేమో అనుకుంటున్నారు.

బోర్డు మీద ఇప్పుడు ఇలా ఉంది. మన కండక్టరమ్మ కోడలు పరీక్ష తప్పింది, మళ్ళీ వెళ్తోంది. మేనేజరు "ఇది కూడా రాయాలామ్మా" అన్నాడు. రాయి అన్నాను. పడిన సంగతి దాచుకుంటే లేచిన సంగతి ఎవరికి చెప్పుకుంటాం.

తోడికోడలు చెప్పకముందే దిగింది. "అయ్యో, తప్పిందటగా" అంది. "తప్పింది. తప్పాలంటే ముందు ఆ గదిలోకి అడుగుపెట్టాలి, మనిద్దరం గడప కూడా చూడలేదు" అన్నాను. ఈసారి కాఫీ పూర్తిగా తాగే వెళ్ళింది. వెళ్తూ "పిల్లకి ధైర్యం చెప్పు" అంది. ఆవిడ అంత చెడ్డదేం కాదులే.

నీ మొగుడికి నేను చెప్పేశాననుకోకు. బస్సులో చెప్తే ఊరంతా తిరిగి వాడికే వచ్చింది. నామీద అలిగాడు, నీమీద కాదు. "నాకు చెప్పాల్సింది" అని రెండు పూటలు మాడకుండా వండాడు.

ఇక ఆ ధైర్యం సంగతి. అలవాటుగా అన్నానని గింజుకుంటున్నావు. నోరు ఎండిపోయి ఏ మాటా గుర్తురానప్పుడు వచ్చిందే నీ సొంత మాట. ఆయనకి నిజం చెప్పాలనుంటే చెప్పు. కానీ నెగ్గాక చెప్పు. ముందు అన్నమాట ప్రకారం వెళ్ళు.

బట్టీ పట్టావంటే చూసుకో.

మీ అత్త

*

యూనివర్సిటీ వెనక వీధి
కరిగింది

అత్తయ్యా,

కరిగిందని బస్సులో చెప్పండి.

మొదట చూరుల నుంచి బొట్లు పడ్డాయి, తర్వాత వీధి పక్కన కాలవలు పారాయి. కిటికీ కింద చెట్టు కొమ్మలకి గోరంత మొగ్గలు. ఈసారి ఇంటావిడకి చెప్తే "ప్రతి ఏడూ ఇంతే" అంటుందని నేనే ముందు అనేశాను. నవ్వింది.

రోజూ క్యాంటీను వెనక సందుకి వెళ్ళి నించున్నాను. ఒకరోజు పసుపు గీత కనిపించింది. మర్నాటికి రెండూ బయటపడ్డాయి. మామూలు తారు వేసినది నుజ్జునుజ్జయి, మధ్యలో గుంట పడి, నీళ్ళు నిలిచాయి. నాది ఉంది. అలాగే ఉంది. ఒక మూల మాత్రం కాస్త పైకి లేచింది. వంగి చేత్తో తడిమి చూశాను. మేస్త్రీ వెనకనుంచి వచ్చి బూటు మడమతో నాలుగు పోట్లు పొడిచాడు. కదల్లేదు.

అప్పుడే నిర్ణయించుకున్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వెళ్ళి, నన్ను గదిలో కాదు, ఆ సందులో పరీక్షించండి అన్నాను. "వాన పడితే?" అన్నాడు. గొడుగులు తెస్తానన్నాను. ఇంటావిడ దగ్గరా, గుమాస్తా దగ్గరా అడిగి తెచ్చాను. పడలేదు గానీ అందరూ గొడుగులు పట్టుకునే నించున్నారు.

ఏమీ బట్టీ పట్టలేదు. ఎవరికీ నమస్కారాలు పెట్టలేదు. రెండింటి మధ్యలో నించుని, ఇది ఇలా ఎందుకైంది, అది అలా ఎందుకు లేదు, అంతే చెప్పాను. వ్యాకరణం అంతా అస్తవ్యస్తం, ఆడదాన్ని మగవాణ్ణి చేశాను, నిన్నని రేపు చేశాను. స్పీడ్ బ్రేకర్ ఊరుకుంటాడా, ఆపుతూనే ఉన్నాడు. ఆపినప్పుడల్లా కిందికి చూశాను. చెప్పాల్సింది అక్కడే ఉంది. లేచిన మూల సంగతి వాళ్ళు అడగకముందే నేనే చూపించి, రోలరు అంచుదాకా రాలేదు, అది నా పొరపాటు, వచ్చే ఏడు సరిచేస్తాను అన్నాను. "వచ్చే ఏడా" అని కిటికీలోంచి చూసినావిడ నవ్వింది. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఇంతలో సరుకుల వ్యాను వచ్చింది. అందరం గోడకి అతుక్కున్నాం. చక్రం నా తారు మీదుగా మెత్తగా పోయి, పక్క గుంటలో దబ్బున పడి, నీళ్ళన్నీ స్పీడ్ బ్రేకర్ ప్యాంటు మీదికి కొట్టింది. ఆయన కిందికీ పైకీ చూసుకుని, "ఇంక ప్రశ్నలు లేవు" అన్నాడు.

నెగ్గానత్తయ్యా. ఈసారి నిజంగా నెగ్గాను. ఇంకా మూడేళ్ళు.

వాళ్ళు చెయ్యి కలిపి వెళ్ళిపోతుంటే నేను గొడుగులు ఏరుకుంటూ ఉండిపోయాను. స్పీడ్ బ్రేకర్ ఒక్కడే ఆగాడు. అప్పుడు చెప్పేశాను, ఆ రోజు అన్నది ధైర్యంతో కాదు, మా భాషలో గుమ్మం దాటే ప్రతివాళ్ళూ అనేదే, మా అత్తగారు అలవాటు చేశారు అని. ఆయన తడి ప్యాంటుతో అలాగే నించుని విన్నాడు. "అయితే మీ దగ్గర అందరూ తిరిగి వస్తామనే చెప్పి వెళ్తారా" అన్నాడు. అవునన్నాను. వంగి ప్యాంటు అంచు పిండుకున్నాడు. తర్వాత, "సరే, ఈసారి తెలిసి చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆ సందులో, చేతినిండా గొడుగులతో, ఇక్కడి భాషలో కాదు, మన మాటలోనే. వెళ్ళొస్తానండీ అని. ఆయన గొంతు సవరించుకుని, "వెల్లీరా" అన్నాడు. మేస్త్రీ గోడ వెనకనుంచి తొంగి చూసి నవ్వుతున్నాడు. ఆయన నేర్పినట్టున్నాడు.

గర్వంగా ఉందత్తయ్యా. నన్ను చూసుకుంటే నాకే గర్వంగా ఉంది, ఇలా రాయొచ్చో లేదో.

వెళ్ళొస్తాను,
మీ కోడలు

*

బస్ డిపో
ఎండలు మండిపోతున్నాయి

అమ్మాయ్,

రాయొచ్చు. రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

కరిగిందని చెప్పాను. బస్సు బస్సంతా గోల. మా డ్రైవరు హారను కొట్టి మరీ పెద్ద గుంట దాటించాడు. కూరగాయలామె ఈసారి మిఠాయి తనే తెచ్చింది, "నువ్వు ముందే పంచి దిష్టి తగిలించావు" అని నన్ను తిట్టి మరీ పంచింది. బోర్డు మీద మూడో వరస రాయించాం. పై రెండూ చెరపలేదు. మేనేజరు ఇప్పుడు పైనుంచి కిందిదాకా తనే చదివి వినిపిస్తున్నాడు. నీ మొగుడు సాయంత్రం డిపోకి వచ్చి, దాని ముందు నించుని ఫోటో తీయించుకున్నాడు.

నువ్వు మొదటి ఉత్తరంలో ఒకటి అడిగావు. తాడు అని దాటేశాను. కోపం కాదే పిచ్చిదానా. డిపోలో నాకు నోరుందని పేరు, రోజంతా అరిచే గొంతు నాది. ఆ రోజు నువ్వు "వెళ్ళొస్తానత్తయ్యా" అంటే ఆ గొంతు పెగల్లేదు. అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన తడి ప్యాంటుతో నించుని అన్నాడు చూడు, ఆ మాట నేననాల్సింది.

ఇంకా మూడేళ్ళుంది కదా. ఆలస్యమేం కాలేదు. మొదటి ట్రిప్పు టైమైంది, డ్రైవరు బండి స్టార్టు చేశాడు. నించునే రాస్తున్నాను.

వెళ్ళిరా అమ్మా.

మీ అత్త